ముళ్లకిరీటం, మూతపడిన పియానో

నిండుగా వడ్డించిన భోజనపు బల్ల ముందు ఒక వృద్ధ గాయకుడు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నల్లని దుస్తులు, నెరసిన జుట్టు, వాచిన ముఖం. బల్ల మీద పండ్లున్నాయి, మాంసాహారం ఉంది, విలువైన పాత్రలున్నాయి. పంక్తిలో కూర్చోవలసిన అతిథులు మాత్రం ఒక్కరూ లేరు. వణుకుతున్న చేతితో ఆయన ద్రాక్షాసవం నిండిన పాత్రను ఎత్తి, తాగకుండా, ఆ విందు మీదే ధారగా ఒలకబోస్తారు.

ఆ గాయకుడు జానీ క్యాష్. అమెరికా పల్లె జనం పాటల్లోంచి పుట్టిన కంట్రీ సంగీతానికి అర్ధశతాబ్ది పాటు పెద్దదిక్కుగా నిలిచినవారు. ఆ పాట పేరు ‘హర్ట్’. గాయం, నొప్పి అని దానికి అర్థం చెప్పుకోవచ్చు. 2002లో వెలువడిన ఆల్బమ్‌లోని ఈ పాట 2003లో విడిగా విడుదలైంది. మార్క్ రోమనెక్ దీనికి దృశ్యరూపం ఇచ్చారు. పాటలో ఎక్కడా దైవనామం లేదు. అయినా దీనిని భక్తిగీతంగానే భావించాలని నా అభిప్రాయం. కారణం చెప్పే ముందు, ఆ మనిషి నడిచివచ్చిన దారిని కాస్త చూడాలి.

క్యాష్ 1932లో ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టారు. అది పత్తిచేలలో పనిచేసుకునే పేద కుటుంబం. తల్లి పాడే ప్రార్థనాగీతాలే ఆయనకు తొలి సంగీత పాఠాలు. ఆయన అన్న జాక్‌కు మతబోధకుడు కావాలని కోరిక ఉండేది. ఆ పిల్లవాడు 1944లో కోత రంపం ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖం తమ్ముణ్ణి జీవితాంతం వదలలేదు. తరువాత పేరు వచ్చింది, ధనం వచ్చింది. వాటితోపాటు మత్తు మాత్రలూ వచ్చాయి. 1960ల దశకంలో చాలా భాగం ఆ వ్యసనానికే ఆహుతైంది. భార్య జూన్ కార్టర్ తోడుతో, విశ్వాసం ఊతంతో ఆయన పలుమార్లు లేచారు, మళ్లీ పడ్డారు, మళ్లీ లేచారు. 1973లో సొంత ధనం వెచ్చించి యేసు జీవితం మీద ‘గాస్పెల్ రోడ్’ అనే చిత్రం తీశారు. అందులో జూన్ మగ్దలేన మరియ పాత్ర ధరించారు. ఆ చిత్రాన్ని గుర్తుంచుకోవాలి. ముప్పై ఏళ్ల తరువాత అదే ఇక్కడ మనకు ఎదురవుతుంది.

‘హర్ట్’ క్యాష్ రాసిన పాట కాదు. ట్రెంట్ రెజ్నర్ అనే యువ సంగీతకారుడు 1994లో తన రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ కోసం రాసినది. మత్తుకు బానిసై, తన శరీరాన్ని తానే గాయపరచుకుంటున్నవాడి ఆక్రోశం అది. నిర్మాత రిక్ రూబిన్ ఈ పాటను క్యాష్ ముందు పెట్టినప్పుడు ఆయన ఏడు పదులకు చేరువలో ఉన్నారు. ఆయన అందులో మార్చినది ఒకే ఒక మాట. మూలంలో గాయకుడు తన తలమీద ధరించే కిరీటం ఒక అశుద్ధ పదంతో వర్ణితమై ఉంది. ఈ పత్రికలో రాయదగిన పదం కాదది. దాని స్థానంలో క్యాష్ ‘ముళ్లకిరీటం’ అన్నారు. శిలువ వేయడానికి ముందు సైనికులు యేసు శిరస్సున పరిహాసంగా ఉంచినది ఆ కిరీటమే.

ఈ ఒక్క మాటతో పాట దిశ మారిపోయింది. మూలంలో వినిపించేది తనపై తనకున్న రోత. క్యాష్ గొంతులో అదే పశ్చాత్తాపమైంది. రోతకు ఎదుట ఎవరూ ఉండనక్కరలేదు, మనిషి తనలో తానే కుళ్లిపోగలడు. పశ్చాత్తాపానికి మాత్రం వినేవాడొకడు కావాలి. దేవుని పేరు పలకకుండానే ఆయన దేవుణ్ణి శ్రోతగా కూర్చోబెట్టారు. త్యాగరాజస్వామి గౌళరాగ పంచరత్న కీర్తన తెలిసినవారికి ఈ తీరు కొత్తగా తోచదు. తన దోషాలను తానే వరుసగా ఏకరువు పెట్టుకోవడమే అక్కడ ఆరాధన. ఈ రెంటినీ ఒక త్రాసులో తూచడం నా ఉద్దేశం కాదు. ఒకటి మహానుభావుని వినయం, మరొకటి నిజంగానే పడిలేచిన మనిషి ఒప్పుకోలు.

దృశ్యం విషయానికి వస్తే, మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగినది భక్తి కాదు, కోపం. మధుమేహంతో నరాలు దెబ్బతిని, చూపు మందగించిన ఒక పెద్దాయన నిస్సహాయతను కెమెరా ముందు పెట్టడమేమిటి? మన ఇళ్లలో మంచం పట్టిన పెద్దలను నలుగురి కంటా పడనీయం. దుప్పటి సరిచేసి, తల దువ్వి, ఆ తరువాతే బంధువులను లోపలికి పిలుస్తాం. అది కపటం కాదు, మర్యాద. ఆ మర్యాదను ఈ చిత్రం మీరింది. వృద్ధాప్యాన్ని అమ్ముకున్నారని ఎవరైనా అంటే, ఆ మాటను తేలికగా తోసిపుచ్చలేను.

మరోసారి చూశాక నా అభిప్రాయం మారింది. అందుకు కారణం ఆ విందుబల్ల కాదు, శిథిలమైన ప్రదర్శనశాల. టెనెసీ రాష్ట్రంలోని హెండర్సన్‌విల్‌లో క్యాష్ కీర్తికి గుర్తుగా ఒక ప్రదర్శనశాల ఉండేది. చిత్రీకరణ నాటికి అది మూతపడి, పాడుబడి ఉంది. దర్శకుడు దానిని తుడిపించలేదు, రంగులు వేయించలేదు. ప్రజలకు ప్రవేశం లేదన్న పలకనూ, అద్దం పగిలిన బహుమాన ఫలకాన్నీ ఉన్నవి ఉన్నట్లు చూపారు. మధ్యమధ్యన పాత దృశ్యాలు మెరుస్తాయి. ఉరకలు వేసే యువకుడు, రైలు ప్రయాణాలు, గోడమీద తల్లి చిత్రపటం. పాట పతాకస్థాయికి చేరేసరికి ‘గాస్పెల్ రోడ్’లోని శిలువ ఘట్టం వస్తుంది. అరచేతిలో మేకు దిగుతుంది, ఇక్కడ ద్రాక్షాసవం ఒలుకుతుంది. యౌవనంలో తాను తీసిన చిత్రమే వార్ధక్యంలో తనకు సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్లుంటుంది. తాను కట్టుకున్న కీర్తి ఎంత కూలిందో అంతా చూపిన తరువాత, శరీరాన్ని మాత్రం దాచి ఉంటే ఆ ఒప్పుకోలు సగమే అయ్యేది.

మన భక్తిగీతాల దృశ్యరూపాలను తలచుకుంటే కొంచెం సిగ్గనిపిస్తుంది. జలపాతాలు, కొత్త పట్టుబట్టలు, పొగ నడుమ నృత్యాలు. పాడేవారి ముఖంలో చెమట కూడా కనబడదు. అందం ఉండకూడదని కాదు, అలంకారప్రియుడైన స్వామికి అలంకారం చేయవలసిందే. అయితే అలంకారం స్వామికి కదా, మనకెందుకు?

ఈ చిత్రంలో నన్ను వెంటాడేది మాత్రం జూన్ కార్టర్ ముఖం. మెట్లమీద నిలబడి, పాడుతున్న భర్తను ఆమె చూస్తూ ఉంటారు. ఒక్క మాటా మాట్లాడరు. ఆ చూపులో దిగులుంది, ప్రేమ ఉంది, ఇక ఎన్నాళ్లో అన్న లెక్క కూడా ఉంది. ఆ లెక్క తారుమారైంది. ముందు వెళ్లిపోయినది ఆమే. 2003 మే 15న ఆమె, అదే ఏడాది సెప్టెంబరు 12న ఆయన కన్నుమూశారు. నవంబరులో కంట్రీ సంగీత సంఘం ఆ ఏటి ఉత్తమ గీతంగా, ఉత్తమ దృశ్యగీతంగా ‘హర్ట్’నే ఎంచింది. 2004లో దృశ్యగీతానికి గ్రామీ పురస్కారం లభించింది. హెండర్సన్‌విల్‌లోని వారి ఇల్లు 2007 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైంది. పాట రాసిన రెజ్నర్ సైతం ఈ చిత్రం చూశాక ఇక ఆ పాట తనది కాదనిపించిందని చెప్పుకున్నారు.

పరమతానికి చెందిన పాట మనకెందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. వారితో వాదించను. వీలైతే ఇంట్లో ఒకసారి చూడమని మాత్రం మనవి చేస్తాను. బల్లమీది మాంసాహారం కనబడగానే ముఖం తిప్పుకోకుండా, చివరన ఆయన పియానో మూత వేసి, ఆ మూతమీద చేత్తో నిమిరేదాకా.