బోర్డు మీద ఎవరి పేరు?

పోయిన నెల బెంగళూరులో పాత కార్ల పోటీ ఒకటి చూసి వచ్చాను. అప్పటి నుంచి ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. గోడపత్రికలో చోటు దొరికింది కాబట్టి ఇక్కడ చెప్పేస్తాను. ఆ పోటీలో ప్రతి కారు పక్కన ఒక బోర్డు పెట్టారు. కారు పేరు, తయారైన సంవత్సరం, ఇంజిను ఎన్ని సీసీ, యజమాని పేరు. అంతే. తుప్పు పట్టి మూలపడిన ఆ బండిని లేపి నిలబెట్టిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఉండాలి అని నా వాదన.

ఇందులో నాకు స్వార్థం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. మా నాయనది బాగలూరు రోడ్డులో టింకరింగ్ షెడ్డు. పోటీకి వెళ్లిన ఆస్టిన్ ఏ40 డెవన్ పద్నాలుగు నెలలు మా షెడ్డులోనే ఉండింది.

ఆస్టిన్ అంటే ఎక్కడిదో దొరల బండి అనుకోకండి. 1948లో రఘునందన్ శరణ్ గారు అశోక్ మోటార్స్ పెట్టింది ఇంగ్లండు నుంచి ఆస్టిన్ ఏ40 భాగాలు తెప్పించి మద్రాసు ఎన్నూరులో బిగించడానికే. అశోక్ ఆయన కొడుకు పేరు. 1955లో ఇంగ్లండు లేలాండ్ మోటార్స్ కంపెనీ వచ్చి కలిసి అది అశోక్ లేలాండ్ అయింది. 1980లో మన హోసూరుకి వచ్చింది. మన క్లాసులో ఎంతమంది నాయనలు, అన్నలు ఆ షిఫ్టులకి పోతున్నారో లెక్క తీస్తే తెలుస్తుంది. అన్నట్టు, ఇంగ్లండు వాళ్ల నార్టన్ మోటార్‌సైకిల్ కంపెనీని 2020లో కొన్నది కూడా మన ఊళ్లో ఫ్యాక్టరీ ఉన్న టీవీఎస్సే.

కారు వచ్చినప్పుడు కాళ్లు పెట్టుకునే చోట నేల కనిపిస్తా ఉండింది, అంటే మన షెడ్డు నేల! నాయన పాత దినపత్రిక పరిచి, చుట్టూ గీసి, కత్తిరించి, దాని కొలతకి రేకు కోశాడు. ఒక్కో వంపుకి రోజంతా సుత్తి దెబ్బలే. నట్లు ఆ కాలపు ఇంగ్లీషు కొలతవి. మన మిల్లీమీటరు స్పానరు పెడితే జారిపోతుంది, లేదంటే నట్టు మూలలు అరిగిపోతాయి. బ్యాటరీ మరీ విచిత్రం. ఇప్పటి బండ్లలో మైనస్ వైరు బాడీకి కలుపుతారు, ఇందులో ప్లస్ కలపాలి. తెలియని వాడు తగులుకుంటే అంతే సంగతులు. ఇండికేటరు మిణుకుమనే దీపం కాదు, పక్క కంబంలోంచి చెయ్యిలాగా పైకి లేస్తుంది. అది ఒకవైపు విరిగిపోతే నాయన శివాజీనగర్ గుజిరీలో వెతికాడు, చెన్నై పుదుపేటకి పోయి వచ్చాడు. సీట్లు కుట్టింది కృష్ణగిరి తాత ఒకాయన. పాత కుట్టు విప్పి, రంధ్రాలు లెక్కపెట్టి, మళ్లీ అన్నే వేశాడు.

మన విభాగానికి పనికొచ్చే మాట ఒకటి. షెడ్డులో రోజూ వినే డిక్కీ, స్టెప్నీ కూడా బ్రిటిష్ పాత సామానే. వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో స్టెప్నీ అనే వీధి ఉంది. వందేళ్ల కిందట స్పేరు చక్రాలు చేసిన కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. అక్కడ ఆ మాట దాదాపు పోయింది, మన దగ్గర ఆటో అన్న కూడా స్టెప్నీ అనే అంటాడు.

సరే, పోటీ. పాసులు యజమానికి, ఆయన ఇంటివాళ్లకి మాత్రమే ఇచ్చారు. నేను టికెట్టు కొనుక్కుని లోపలికి పోయాను. నాయన గేటు బయట టీ అంగడి దగ్గర కూర్చున్నాడు. జడ్జీలు వచ్చి, నేల రేకు ఎంత మేరకు మార్చారు, ఛాసిస్ ముట్టారా అని అడిగారు. యజమాని గారు నవ్వి, పక్కకి పోయి ఫోన్ చేశారు. బయట టీ గ్లాసు పట్టుకుని నాయన చెబుతాడు, లోపల ఆయన జడ్జీలకి చెబుతాడు. ఆ వరుసలో రెండో బహుమతి వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను, ఒంటికి మాత్రం కారం పూసినట్టు అయింది.

యజమాని చెడ్డవాడని అనడం లేదు. ఆయన డబ్బు, ఓపిక పెట్టకపోతే ఆ బండి తూకానికి పోయేది. కూలి కూడా చెప్పిన తేదీకి ఇచ్చాడు. పోటీ కారుకి గానీ మనుషులకి కాదు కదా అని కొందరు అనవచ్చు. అయితే జడ్జీలు అడిగిందేమిటి? ఏది పాతది, ఏది కొత్తది, ఎందుకు మార్చారు అనే కదా. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదు అంటాయి. దానికి సాక్షి ఎవరు? రేకు కోసిన చెయ్యే. సాక్షి పేరు లేని బోర్డు సగం బోర్డే.

తాళపత్రం రాసిన లేఖకుడు చివర తన పేరు రాసుకుని, తప్పులుంటే మన్నించమని అడిగేవాడని మన క్లాసులో విన్నాం. ఇప్పటి పుస్తకంలో డీటీపీ చేసినవాళ్ల పేరూ ఉంటుంది. కారుకి మాత్రం ఎందుకు ఉండకూడదు? రెండు వరుసల చోటు చాలు.

ఈ మాట నాయనతో అంటే, "పేరెందుకు మే? కూలి ముట్టింది కదా" అన్నాడు. నేను ఊరుకోలేదు. వచ్చే పోటీకి అట్ట మీద నేనే పేర్లు రాసిస్తానని యజమాని గారిని అడిగాను. ఆయన ఆలోచించి సరే అన్నారు, తెలుగులో కూడా రాయమన్నారు. రాత్రి అట్ట ముందేసుకుని మొదట నాయన పేరు రాయబోతే ఆపేశాడు.

"ముందు కృష్ణగిరి తాత పేరు వేయి. ఆయనకి చూపు తగ్గతా ఉండాది, పెద్దక్షరాలు వేయి."