కుదుపుకూ ఒక అంకె కావాలి

నా మిత్రుడొకడు పదేళ్లు పొదుపు చేసి ఈ మధ్యే ఒక లగ్జరీ స్పోర్ట్స్ సెడాన్ కొన్నాడు. మొదటి వారం ఫొటోలు పంపాడు. రెండో వారం ఫోన్ చేశాడు. "నువ్వు ఫిజిక్స్ చదివావు కదా, ఒక సంగతి చెప్పు. పాత కారులో అమ్మ హాయిగా నిద్రపోయేది. దీని వెనక సీట్లో గంట కూర్చుంటే నడుం పట్టేసిందంటోంది. డబ్బు ఎక్కువ పోస్తే కుదుపు కూడా ఎక్కువ ఇస్తారా?"

నవ్వుతూ అడిగినా, ప్రశ్న మాత్రం సరైనదే. షోరూమ్‌లో అతనికి ఇంజిన్ శక్తి ఎంతో, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో, లీటరుకు ఎంత మైలేజీ వస్తుందో దశాంశ స్థానంతో సహా చెప్పారు. కుదుపు సంగతి అడిగితే "చాలా స్మూత్‌గా ఉంటుంది సార్" అన్నారు. ఆ 'స్మూత్'కు అంకె లేదు. ఉండాలన్నది నా వాదన. ఎందుకంటే ప్రయాణ సౌఖ్యం కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. అది కొలవగలిగిన భౌతిక రాశి.

మెత్తదనం వేరు, సుఖం వేరు

సీటు మెత్తగా ఉంటే, స్ప్రింగులు వదులుగా ఉంటే సుఖం అనుకుంటాం. కానీ మన శరీరం పట్టించుకునేది కుదుపు పరిమాణాన్ని మాత్రమే కాదు, దాని పౌనఃపున్యాన్ని కూడా. అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతున్నామన్నది ముఖ్యం. నడిచేటప్పుడు మన శరీరం సెకనుకు సుమారు రెండుసార్లు పైకీ కిందకీ కదులుతుంది. పుట్టి నడక నేర్చినప్పటి నుంచి అలవాటైన ఊపు కాబట్టి అది మనకు ఇబ్బంది అనిపించదు. సెకనుకు అర సారి కంటే నెమ్మదిగా ఊగితే పడవలో లాగా కడుపులో తిప్పుతుంది. అసలు బాధంతా సుమారు 4 నుంచి 8 హెర్ట్జ్‌ల మధ్య ఉంది. కూర్చున్న మనిషి వెన్నెముక, పొట్టలోని అవయవాలు అనునాదం చెందేది దాదాపు అక్కడే. అదే బలంతో వచ్చిన కుదుపు ఒక హెర్ట్జ్ దగ్గర ఊయల అయితే, ఐదు హెర్ట్జ్‌ల దగ్గర నడుం నొప్పి అవుతుంది.

ఈ తేడాను లెక్కలోకి తీసుకుని కంపనాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. దాని పేరు ఐఎస్‌ఓ 2631. దాని ప్రస్తుత రూపం 1997 నాటిది. సీటు దగ్గర త్వరణాన్ని కొలిచి, శరీరానికి ఎక్కువ బాధ కలిగించే పౌనఃపున్యాలకు ఎక్కువ విలువ ఇచ్చి, చివరకు ఒక్క అంకె తేలుస్తారు. ఆ అంకె 0.315 మీటర్/సెకను² కంటే తక్కువైతే అసౌకర్యం లేనట్టు. 2 దాటితే తీవ్రమైన అసౌకర్యం. ఐరోపా సమాఖ్య 2002లో ఇదే కొలతను కార్మికుల రక్షణకు వాడుకుంది. ఎనిమిది గంటల పనికి ఈ కంపనం 0.5 దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 1.15 దాటనే కూడదు అని ఆదేశించింది. మరి కారు అమ్మేటప్పుడు ఈ అంకె ఎందుకు కనిపించదు?

స్పోర్ట్స్ సెడాన్ ఇబ్బంది ఎక్కడ?

స్ప్రింగు మీద నిలిచిన కారుకు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. కారు తన బరువుకు తానే స్ప్రింగును ఎంత కుంగదీస్తుందో తెలిస్తే చాలు, దాన్ని లెక్కగట్టవచ్చు. ఒక హెర్ట్జ్ దగ్గర ఊగాలంటే స్ప్రింగు సుమారు 25 సెంటీమీటర్లు కుంగాలి. ఒకటిన్నర హెర్ట్జ్ అయితే 11 సెంటీమీటర్లు, రెండు హెర్ట్జ్‌లైతే 6 సెంటీమీటర్లు చాలు. సుఖానికి పేరుపడ్డ పెద్ద సెడాన్లు ఒక హెర్ట్జ్‌కు కాస్త పైన ఉంటాయి. స్పోర్ట్స్ సెడాన్ నేలకు దగ్గరగా ఉండాలి, మలుపులో ఒరగకూడదు, బ్రేకు వేస్తే ముక్కు వంచకూడదు. అందుకే దాన్ని ఒకటిన్నర నుంచి రెండు హెర్ట్జ్‌ల వైపు జరుపుతారు. ఇది తప్పు కాదు, తెలిసి చేసిన రాజీ.

వెనక సీటు సంగతీ కొత్తది కాదు. రోల్స్ రాయిస్ నుంచి క్యాడిలాక్‌కు వచ్చిన మారిస్ ఓలీ అనే ఇంజినీరు 1930ల తొలి రోజుల్లోనే దీన్ని పట్టుకున్నాడు. ముందూ వెనకా బరువులు జరపగలిగే ఒక ప్రయోగ కారు తయారు చేయించి నడిపి చూశాడు. ముందు స్ప్రింగుల కంటే వెనక స్ప్రింగుల పౌనఃపున్యం కొద్దిగా ఎక్కువ ఉంటే, గతుకు దాటాక కారు ముందుకీ వెనక్కీ ఊగకుండా సమంగా కదులుతుందని తేల్చాడు. సౌఖ్యం అంకెల్లోకి వస్తుందని తెలిసి 90 ఏళ్లు దాటిందన్నమాట.

అందం కోసం పోగొట్టుకున్న గాలి

స్ప్రింగుల రాజీని అర్థం చేసుకోవచ్చు. నాకు మింగుడు పడనిది టైర్ల సంగతి. ఈ తరగతి కార్లలో ఒకే మోడల్‌కు 17 అంగుళాల చక్రంతో 225/50 టైరు, 19 అంగుళాల చక్రంతో 225/40 టైరు దొరకడం మామూలే. మొదటి దాని పక్కగోడ ఎత్తు సుమారు 112 మిల్లీమీటర్లు. రెండో దానిది 90. చూపుకు చక్రం ఘనంగా కనిపించడం కోసం ప్రతి మూల నుంచీ రెండు సెంటీమీటర్ల గాలి మెత్తను తీసేశామన్నమాట. పైగా పెద్ద చక్రం సాధారణంగా బరువు కూడా. స్ప్రింగు కింద ఉన్న ఆ బరువు సెకనుకు 10 నుంచి 15 సార్లు ఎగిరెగిరి పడుతుంటే, ఆ కంపనాన్ని అణచడం డ్యాంపర్‌కు కష్టమవుతుంది. పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లయితే పక్కగోడలు మరింత బిరుసుగా ఉంటాయి. గతుకును అందరికంటే ముందు కలిసేది టైరే. దాన్నే బిరుసు చేసి, ఆ లోటు పూడ్చుకోవడానికి లక్షలు పోసి ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ కొనడం, చిల్లు కుండలో నీళ్లు పోయడం లాంటిదే.

మిత్రుడి కారు దగ్గరకు వెళ్లి మేం మొదట చూసింది టైర్లలో గాలినే. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన కనిపించే స్టిక్కర్ మీద రాసిన దాని కంటే 8 పీఎస్‌ఐ ఎక్కువ ఉంది. పంక్చర్ షాపులో 'కొంచెం ఎక్కువుంటే మంచిది' అని కొట్టి పంపారట. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో, ఫోన్‌ను వెనక సీటు ముందు నేల మీద అంటించి, ఒకే వీధిలో ఒకే వేగంతో రెండుసార్లు తిరిగాం. గాలిని స్టిక్కర్ అంకెకు తెచ్చాక, గ్రాఫ్‌లో 12 హెర్ట్జ్‌ల చుట్టూ ఉన్న గుట్ట స్పష్టంగా తగ్గింది. పైసా ఖర్చు లేదు. అలాగని స్టిక్కర్ చెప్పిన దాని కంటే తగ్గించకూడదు, టైరు వేడెక్కి ప్రమాదం తెస్తుంది. తర్వాత టైర్లు మార్చేటప్పుడు, కారు పుస్తకంలో అనుమతించిన చిన్న చక్రాలకే మారదామని అతను నిర్ణయించుకున్నాడు.

ఎలక్ట్రానిక్స్ వద్దనడం లేదు. అయస్కాంత క్షేత్రంలో చిక్కబడే ద్రవాన్ని జేకబ్ రాబినో 1940ల చివర్లో కనిపెడితే, అది 2002లో క్యాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్ సెడాన్ డ్యాంపర్లలోకి చేరింది. 2023లో వచ్చిన పోర్షే పానమేరాలో కొన్ని రకాలకు ప్రతి డ్యాంపర్‌కూ ఒక విద్యుత్ పంపు అమర్చుకోవచ్చు. బిరుసుదనం, మెత్తదనం రెండూ ఒకే కారులో ఇమడగలవని ఇవి చూపాయి. అయితే ఎంత ఇమిడాయో చెప్పాల్సింది ప్రకటన కాదు, కొలత.

రోడ్డుకు ఉన్న అంకె కారుకు లేదు

ఇక్కడ ఒక వింత ఉంది. ప్రపంచ బ్యాంకు 1980లలో స్థిరపరిచిన అంతర్జాతీయ గరుకు సూచీతో రోడ్ల నాణ్యతను కొలుస్తారు. ఎలాగంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఒక ఊహా కారు సస్పెన్షన్ ఆ రోడ్డు మీద కిలోమీటరుకు మొత్తం ఎన్ని మీటర్లు కదులుతుందో లెక్కవేస్తారు. లేని కారుతో ఉన్న రోడ్డుకు మార్కులు వేస్తున్నాం. ఉన్న కారుకు మాత్రం వేయడం లేదు.

అంకె ఉంటే ఎవరి తప్పు ఎంతో కూడా తేలుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటితే చక్రానికి అర సెకను పడుతుంది. అంటే దాదాపు ఒక హెర్ట్జ్ ఊపు. అదే ఎత్తుతో అర మీటరు వెడల్పున మన వీధుల్లో పోసే దిబ్బను అదే వేగంతో దాటితే దాదాపు ఏడు హెర్ట్జ్‌లు. సరిగ్గా వెన్నెముకను పట్టుకునే చోటు. అలాంటి దిబ్బ దగ్గర ఎంత ఖరీదైన సస్పెన్షన్ అయినా కొంత మేరకే ఆదుకోగలదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. మైలేజీకి, 2023 నుంచి భారత్ ఎన్‌క్యాప్ ద్వారా భద్రతకు ఉన్నట్టే, ప్రయాణ సౌఖ్యానికీ ఒక అంకె ప్రకటించాలి. నిర్ణీత గరుకుదనం ఉన్న రోడ్డు మీద, నిర్ణీత వేగంతో, ముందు సీటుకూ వెనక సీటుకూ విడివిడిగా, అమ్మే ప్రతి చక్రం సైజుకూ కొలవాలి. మనిషి మనిషికీ సౌఖ్యం మారుతుంది కదా అంటారు. మైలేజీ కూడా డ్రైవర్‌ను బట్టి మారుతుంది. అయినా ప్రకటిస్తున్నాం, పోల్చుకుంటున్నాం. పరీక్ష కోసమే ట్యూన్ చేస్తారని మరో అభ్యంతరం. ఆ బెడద ఏ పరీక్షకైనా ఉన్నదే. దానికి మందు పరీక్షను మెరుగుపరచడం, మానేయడం కాదు.

ధనవంతుల కారు గోల మనకెందుకు అనే మాట కూడా వినిపిస్తుంది. దానికి జవాబు అమర్ బోస్ కథలో ఉంది. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన ఈ ఇంజినీరు సంస్థ, స్ప్రింగుల స్థానంలో విద్యుదయస్కాంత మోటార్లు పెట్టిన సస్పెన్షన్‌ను ఏళ్ల తరబడి తయారు చేసి 2004లో ఒక లగ్జరీ సెడాన్ మీద ప్రదర్శించింది. బరువు, ఖర్చు ఎక్కువై అది కార్లలోకి రాలేదు. ఆ విద్యే 2010లో ట్రక్కు డ్రైవర్ సీటుగా మార్కెట్లోకి వచ్చింది. రోజుకు పది గంటలు ఊగే నడుముకు అది నిజంగా అక్కరకొచ్చే చోటు. స్పోర్ట్స్ సెడాన్‌కు అంకె అడగడం అలవాటైతే, రేపు బస్సు వెనక సీటుకూ, స్కూలు వ్యాన్‌కూ, అంబులెన్స్ స్ట్రెచర్‌కూ అడుగుతాం.

అప్పటిదాకా కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు నున్నటి రోడ్డు వదిలి మీ వీధికే తీసుకెళ్లండి. పది నిమిషాలు వెనక సీట్లో కూర్చోండి. మీకు అమ్మబోయే చక్రం సైజుతోనే ఆ బండి ఉందో లేదో చూడండి. తర్వాత "కుదుపు ఎంత?" అని అడగండి. 'స్మూత్' అంటే, అంకె చెప్పమనండి.