పందెపు బాట, చెరువు కట్ట

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. సుమారు 2.8 కిలోమీటర్ల బాట, 18 మలుపులు. మరుసటి ఏడాది జరగవలసిన పందెం 2024 జనవరిలో రద్దయింది. అంతకు ఇరవై యేళ్ళ ముందు హైదరాబాదుకు ఫార్ములా వన్ తెస్తామన్న ప్రయత్నమూ 2004లో ప్రభుత్వం మారాక అటకెక్కింది. రెండు కథలకూ ముగింపు ఒక్కటే!

రేపెవరైనా శాశ్వతమైన బాట నిర్మించదలిస్తే వారి చూపు నగరానికి దక్షిణాన పాలమూరు, నల్లగొండ మెట్టలపై పడవచ్చునని నా ఊహ. నిజానికి ఆ నేల అందుకు తగినదే. నోయిడా సమీపంలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్‌కు రూపకర్త హెర్మన్ టిల్కే. అక్కడి చదును నేలపై మట్టి పోసి ఎత్తుపల్లాలు సృష్టించవలసి వచ్చింది. మన మెట్టలకు అవి పుట్టుకతోనే ఉన్నాయి.

అయితే నా సందేహం నీటి గురించి. బాట వెడల్పు 12 మీటర్లు, బయలుదేరే చోట 15 మీటర్లు, తిన్నని దారి 2 కిలోమీటర్లకు మించరాదు. ఇవన్నీ నియమావళి చెబుతుంది. బాటపై నీరు నిలిస్తే చక్రం పట్టు తప్పుతుంది కనుక, వాలు ఇచ్చి, పక్కన కాలువలు తీసి, వాననీటిని వెంటనే తరిమివేస్తారు. మన పూర్వుల విద్య దీనికి సరిగ్గా విరుద్ధం. మెట్టపై పడిన చినుకును పరుగెత్తనీయక, ఒక చెరువు అలుగు నుండి మరొక చెరువుకు నడిపించారు. వందల ఎకరాల స్థలంలో వాగుల దారి మళ్ళిస్తే ఆ గొలుసుకట్టులో ఒక లంకె తెగుతుంది. ఫ్లోరైడు నీటితో తరతరాలుగా ఎముకలు వంగిన నల్లగొండకు వాననీటి విలువ ఒకరు చెప్పాలా?

భూమి మాట సరేసరి. 1951 ఏప్రిల్ 18న ఆనాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, భూమిలేని వారికోసం వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలు ఇచ్చారు. భూదానం పుట్టిన గడ్డపై భూసేకరణకు వచ్చేవారు ఆ తేదీని మరువరాదు. దేశమంతటా ఆనకట్టలు కట్టి, సొంతచేనికి నీరు దక్కని పాలమూరు కూలీని ఈ పనిలోనూ తట్ట మోయడానికే పిలుస్తారా?

నేను వేగానికి వ్యతిరేకిని కాను. బాట గీయకముందే వాగులూ చెరువులూ గీయండి. తరిమిన నీటిని ఆ చెరువులకే చేర్చండి. భూమి ఇచ్చినవారికి ఆదాయంలో వాటా ఇవ్వండి. బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011 నుండి 2013 దాకా మూడుసార్లే జరిగింది. పందేలు వస్తాయి, పోతాయి. తెగిన చెరువు మాత్రం తిరిగి రాదు.