భాషా ప్రయోగశాలకు తగిన హెడ్‌ఫోనులు

కళాశాల భాషా ప్రయోగశాలకు హెడ్‌ఫోనులు కొనవలసి వచ్చినపుడు, ధర కన్న ముందు వాటి నిర్మాణాన్ని పరిశీలించాలని మా అభిప్రాయం. వెనుకభాగం తెరచి ఉన్న రకం ఏకాంతంగా సంగీతం వినడానికి శ్రేష్ఠమే. కాని పదిమంది కూర్చుని ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పాఠాలను వేర్వేరుగా వినే గదిలో ఒకరి పాఠం మరొకరి చెవిన పడుతుంది. అక్కడ మూసిన రకమే తగినది.

ఇందులో వినికిడి రక్షణ కూడ ఇమిడి ఉన్నది. వీధిలోని రొద చెవిన పడుతూ ఉంటే విద్యార్థి ధ్వనిని పెంచుతాడు. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ వ్యవధి సగమవుతుంది. అతిధ్వని తొలుత హరించేది హెచ్చు స్థాయి ధ్వనులను గ్రహించే శక్తిని. స, శ, ఫ వంటి వర్ణాల భేదం తెలియని చెవికి ఉచ్చారణ పాఠం దేనికి?

చెవిని పూర్తిగా కప్పే మెత్తలు ఉండాలి. కళ్లద్దాల కాడ వద్ద సందు ఏర్పడితే రొద లోనికి వస్తుంది. బ్యాటరీతో పనిచేస్తూ రొదను అణచే రకం పంకా హోరును బాగా తగ్గిస్తుంది గాని, పక్కవారి మాటలను అంతగా ఆపలేదు. 1985 నుండి వస్తున్న బేయర్‌డైనమిక్ డిటి 770 వంటి వాటిలో 250 ఓముల రకం మామూలు ఫోనుకు మెల్లగా పలుకుతుంది. తక్కువ ఓముల రకం మేలు.

కమిటీ పెద్దలు ముందుగా ఒక్కటి తెప్పించి, తరగతులు జరిగే వేళ విద్యార్థుల చేతనే పరీక్షింపజేయాలని, మెత్తలు విడిగా దొరికే రకాన్నే కొనాలని మా మనవి.