సర్జన్ ఒక్కడొస్తే ఆపరేషన్ అయిపోతుందా?

మొన్న క్యాంటీన్లో మా టీమ్ కుర్రాడొకడు "పల్లెకు పోనన్న సర్జన్ల డిగ్రీలు పీకెయ్యాలండీ" అని తీర్పిచ్చేశాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అక్కడ నోరు మూసుకున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మాది కట్టంగూర్. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కీ మధ్య ఉంటుంది. మీలో చాలామంది పండక్కి ఊరెళ్తూ చూడకుండానే దాటేసి ఉంటారు. 2018 వానాకాలంలో ఓ రాత్రి మా నాయనకు ఏళ్ళ తరబడి దాచుకున్న హెర్నియా బిగుసుకుపోయింది. పేగు అలా ఇరుక్కుంటే రక్తం అందక గంటల్లోనే నల్లబడిపోతుందట. దగ్గర్లోని ఓ దవాఖానకు తీసుకెళ్ళాం. సర్జన్ ఉన్నాడు! నాకంటే చిన్నవాడు. చెయ్యేసి చూసి క్షణంలో చెప్పేశాడు.

"అన్నా, ఇప్పుడే కొయ్యాలె. నేను చేస్త. కానీ మత్తు డాక్టర్ లేడు, రక్తం లేదు. హైదరాబాద్ తోలుకపోండ్రి."

ఆ మాట చెప్తూ నా మొహంలోకి చూడలేకపోయాడు. దాదాపు వంద కిలోమీటర్లు. నాయన బతికాడు, అడుగున్నర పేగు పోయింది.

గమనించారా? ఆ రాత్రి అక్కడ లేనిది సర్జన్ కాదు.

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5½ ఏళ్ళు. ఎం.ఎస్. 3 ఏళ్ళు. గుండె, మెదడు లాంటివైతే ఎం.సీహెచ్. ఇంకో 3 ఏళ్ళు. ఎం.ఎస్.లో చేరినవాడు ముందు రిట్రాక్టర్ పట్టుకుని నిలబడతాడు, తర్వాత కుట్లు వేస్తాడు, ఆ తర్వాతే గురువు ఎదురుగా ఉండగా కత్తి పడతాడు. పుస్తకంతో వచ్చే విద్య కాదిది. కేసులుండాలి, తప్పు దిద్దే గురువుండాలి, రోజూ నడిచే థియేటరుండాలి. అలా తయారైన చేతిని తీసుకెళ్ళి మత్తు డాక్టర్ లేని చోట కూర్చోబెడితే ఆ చెయ్యి తుప్పు పడుతుంది. సర్వర్ ఇవ్వకుండా కోడ్ రన్ చెయ్యమంటే మనం ఊరుకుంటామా?

ఇంకోటి. ఒక్కడినే వేస్తే ఏడాదంతా అతనికి ఆన్-కాలే. మనకు వారం రొటేషన్ పడితేనే మేనేజర్ని తిట్టుకుంటాం. అలిసిపోయిన డాక్టరు పొరపాటు చేస్తాడనే అమెరికాలో 2003లో రెసిడెంట్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టారు. నిద్ర లేనివాడిచేత ప్రొడక్షన్‌లో చెయ్యి పెట్టించని మనం, పేగులో పెట్టించొచ్చా?

మార్పు లేదనను. 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని చెయ్యాలని 2020లో నిబంధన తెచ్చారు. మంచిదే. కానీ అక్కడ నేర్పే సీనియరూ, నడిచే థియేటరూ లేకపోతే ఆ మూడు నెలలు ఓపీ చీటీలు రాయడంతోనే సరి. సీట్లు లెక్కపెట్టినంత సులువు కాదు సర్జన్లను తయారు చెయ్యడం.

డబ్బు పిచ్చి ఉన్న డాక్టర్లు లేరా? ఉన్నారు. మనలో లేరా? అసలు మన పని కట్టంగూర్ నుంచి చెయ్యొచ్చు. 2020లో నేనే మా ఇంటి అరుగు మీద కూర్చుని చేశాను. అయినా మళ్ళీ గచ్చిబౌలి వచ్చి పడ్డాను. పల్లెకు పొమ్మని ఇంకొకడికి చెప్పే అర్హత నాకైతే లేదు.

కాబట్టి ఈసారి మీ జిల్లా ఆసుపత్రి సంగతి అడిగేటప్పుడు "సర్జన్ ఉన్నాడా?" అని అడిగి ఊరుకోకండి. రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరుంటాడా, రక్తముంటుందా, థియేటర్ నర్సుంటుందా అని కూడా అడగండి. ఆ కుర్ర సర్జన్ ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఆ ఊళ్ళోనే ఉండిపోయి ఉంటే మాత్రం అది అతని గొప్పే, మనది కాదు.