చబుత్రా మీద చట్టం

మన వార్షిక సంచికను ఒక అట్ట వైపు నుండి తెరిస్తే ఉర్దూ, రెండవ అట్ట వైపు నుండి తెరిస్తే తెలుగు. అయినా ఠాణా, వకీలు, జామీను, హక్కు అనే మాటలు రెండు వైపులా ఒక్కటే. వీటిలో మొదటిది మనకందరికీ అనుభవంలో ఉన్న మాట. చివరిది పరీక్షల కొరకు మాత్రమే నేర్చిన మాట. ప్రాథమిక హక్కులు ఆరింటిని వరుసగా వ్రాసి మార్కులు తెచ్చుకుంటున్నాము. రాత్రి పదిన్నరకు గల్లీ మలుపులో పోలీసు జీపు వచ్చి ఆగితే ఆ ఆరింటిలో ఒక్కటి కూడా నోటికి రాదు.

మా సహాధ్యాయి ఒకడి అనుభవమే ఈ వ్యాసానికి కారణం. గత శీతకాలంలో అతడు తన ఇంటి ముందరి చబుత్రా మీద ఇద్దరు మిత్రులతో కూర్చుని ఉన్నాడు. మరునాడు సెమిస్టరు పరీక్ష. జీపు ఆగింది, ముగ్గురినీ ఎక్కించుకుంది. ఠాణాలో సెల్‌ఫోనులు తీసుకుని సందేశాలు చదివారు, ఫొటోలు తీశారు, వేలిముద్రలు వేయించారు. తెల్లవారుజామున తండ్రులను పిలిపించి, వారి ఎదుట హితబోధ చేసి పంపించారు. ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇది అరెస్టు కాదు, కౌన్సిలింగు అన్నారట. నిద్రలేని ఆ పిల్లవాడు పరీక్షకు పోలేకపోయాడు. 'కొట్టలేదు, అదే పదివేలు' అన్నాడు వాళ్ళ అబ్బాజాన్. ఆ మాట మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

పాతబస్తీలో 'ఆపరేషన్ చబుత్రా' అనే పేరు వినని కుటుంబం అరుదు. గత పదేళ్ళలో పలుమార్లు ఈ పేరుతో రాత్రివేళ అరుగుల మీది యువకులను తీసుకుపోయి, తల్లిదండ్రుల సమక్షంలో మందలించి పంపించారు. అర్ధరాత్రి దాకా పిల్లలు వీధిలో ఉండరాదనే మాటను మేమూ కాదనము. కాని మంచి మాట చెప్పడానికి ఠాణాయే కావాలా? 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో, అంతకుముందున్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో, కౌన్సిలింగు కొరకు మనిషిని రాత్రంతా ఉంచవచ్చుననే సెక్షను మాకు కనబడలేదు.

పోలీసువారు దారిలో ఆపి పేరూ ఊరూ అడగడం ఒకటి. సాక్షిగానో అనుమానితునిగానో విచారణకు పిలవడం మరొకటి. అరెస్టు చేయడం వేరొకటి. మన తల్లిదండ్రులకు ఈ మూడూ ఒకే భయం. చట్టానికి మాత్రం మూడూ వేర్వేరు. మొదటిదానికి మర్యాదగా జవాబు చెప్పి, 'సార్, నేను వెళ్ళవచ్చునా, లేక నన్ను అరెస్టు చేస్తున్నారా?' అని అడగడం నేర్చుకోవాలి. అడిగిన మరుక్షణం ద్వారాలు తెరుచుకుంటాయని కాదు. అవతలివారు ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది, అంతే.

అరెస్టు అన్నారా, దానికి తంతు ఉన్నది. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తును ధరించాలి. అరెస్టు పత్రం వ్రాయాలి. దానిపై కుటుంబంలో ఒకరో, వాడకట్టులోని పెద్దమనిషి ఒకరో సాక్షి సంతకం చేయాలి. ఇవి సంహితలోని 36వ సెక్షను చెప్పిన మాటలు. కారణం చెప్పాలని 47, ఇంటివారికో మిత్రునికో కబురు చేయాలని 48. విచారణ సాగేటప్పుడు వకీలును కలుసుకోవచ్చునని 38 అంటున్నది. అయితే విచారణ పొడవునా వకీలు పక్కనే ఉంటాడని ఆశించరాదు. ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్నది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నది. ప్రయాణ కాలం ఆ లెక్కలోకి రాదు. కబురు, అరెస్టు పత్రం వంటి నియమాలను సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు తీర్పులో విధించింది. ఆ తరువాతనే అవి చట్టంలోకి ఎక్కాయి.

ఇక 'ఒకసారి ఠాణాకు వచ్చి పో' అని ఫోను చేయడం ఉన్నది. అరెస్టు అవసరం లేని కేసులో అనుమానితుని పిలవాలంటే 35వ సెక్షను ప్రకారం నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసు అందితే తప్పక వెళ్ళాలి. వెళ్ళినవానిని, కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయరాదు. సాక్షిగా పిలవాలన్నా వ్రాతపూర్వకమైన ఉత్తరువు కావాలి. స్త్రీలను, పదిహేనేళ్ళ లోపు బాలురను, అరవై దాటిన పురుషులను సాక్ష్యం కొరకు ఠాణాకు రమ్మనరాదు, అధికారియే వారి ఇంటికి పోవాలి. మన నానీమాలకు ఈ సంగతి తెలియదు. చెప్పవలసినది మనమే.

సెల్‌ఫోను సంగతి కొంత నిదానంగా చెప్పుకోవాలి. 2021 అక్టోబరులో ఈ నగరపు వీధులలో పోలీసులు యువకులను ఆపి, గంజాయి ప్రస్తావన కొరకు వారి వాట్సాప్ సంభాషణలు వెదకుతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. గంజాయి మా తరగతి గదుల దాకా వచ్చిన వ్యాధియే. దానిని వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. అయితే గంజాయి చట్టంలోనే, ఒంటిని సోదా చేసే ముందు, 'గెజిటెడు అధికారి ముందుగానీ మేజిస్ట్రేటు ముందుగానీ సోదా కోరవచ్చు' అని ఆ మనిషికి చెప్పి తీరాలని 50వ సెక్షను ఉన్నది. జేబుకే అంత కట్టుదిట్టం ఉంటే, అక్కాచెల్లెళ్ళ ఫొటోలు, అమ్మ మందుల చీటీలు, బ్యాంకు లెక్కలు అన్నీ ఉన్న ఫోనుకు ఏమీ లేకపోవడం ఏమి న్యాయం? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. కేసు లేదు, కారణం వ్రాయలేదు, దారిన పోయేవాని ఫోను విప్పి చదవడం ఈ తీర్పుతో పొసగదని మా అభిప్రాయం. అరెస్టయిన తరువాత రహస్య సంకేతం చెప్పమని నిర్బంధించవచ్చునా అనే విషయంలో న్యాయస్థానాలు ఒక్క మాట మీద లేవు. కనుక మిత్రులు అక్కడ వాదానికి దిగక వకీలును అడగడమే మేలు.

ఎన్ని సెక్షన్లు చెప్పినా పెద్దలు ఒకటే అంటారు: 'చట్టం పుస్తకంలో ఉంటుంది, లాఠీ చేతిలో ఉంటుంది.' ఆ మాట వెనుక అనుభవం ఉన్నది. 1978 మార్చిలో ఇదే నగరంలో, సినిమా చూసి రాత్రివేళ తిరిగి వస్తున్న పేద దంపతులను నల్లకుంట ఠాణావారు పట్టుకున్నారు. భార్య అత్యాచారానికి గురయింది. భర్త దెబ్బలకు మరణించాడు. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టినా, రాయచూరులో జరిగిన విచారణలో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. సరిగా ఆ ఏడాదే ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథి కేసులో సుప్రీంకోర్టు, తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు మౌనంగా ఉండే హక్కు ఠాణాలోని విచారణలోనూ ఉన్నదని చెప్పింది, స్త్రీని ఠాణాకు పిలిపించడాన్ని ఆక్షేపించింది. ఒకే ఏడాది, ఒకే దేశం. ఒకరికి చట్టం తెలుసు, చెప్పే వకీలు ఉన్నాడు. మరొకరికి ఎవరూ లేరు. పెద్దల నిరాశకు మా జవాబు ఈ తేడాయే.

సినిమా కథానాయకుని ధోరణిలో కానిస్టేబులుకు ఉపన్యాసమిచ్చే మిత్రులకు ఒక హెచ్చరిక. రాత్రంతా నాకాలో నిలబడే అతడూ ఒకరి బిడ్డయే. పైగా సంహితలోని 172వ సెక్షను, పోలీసుల చట్టబద్ధమైన ఆదేశాన్ని ఎదిరించినవారిని నిర్బంధించే అధికారం వారికి ఇస్తున్నది. తప్పుడు పేరు చెప్పడం, పరుగెత్తడం, చేయి విదిలించడం మనకే చేటు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా దస్తకత్తు చేయరాదు. విచారణలో మనం చెప్పింది వ్రాసుకున్న వాంగ్మూలానికైతే మన సంతకమే అక్కరలేదు. ఇంటర్మీడియటు తమ్ముళ్ళలో పదునెనిమిది నిండనివారే ఎక్కువ. వారిని ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టరాదని 2015 నాటి బాలల న్యాయచట్టం శాసించింది. చెల్లెళ్ళు గుర్తుంచుకోవలసినది: అసాధారణ పరిస్థితిలో, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో, మహిళా అధికారి చేతుల మీదుగా తప్ప సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు స్త్రీని అరెస్టు చేయరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి పెద్దదేమీ కాదు. ప్రవేశాల రోజున ఇచ్చే నియమావళిలో హాజరు శాతం, ఫీజు గడువు ఉర్దూలోనూ తెలుగులోనూ ముద్రిస్తున్నారు. దాని వెనుక పుట ఖాళీగా ఉన్నది. పైన చెప్పినవి, ఉచిత న్యాయ సహాయపు ఫోను నెంబరు 15100తో సహా, అక్కడ రెండు భాషలలోనూ అచ్చువేయించండి. రంజాన్ మాసానికి ముందుగా ఒక వకీలు సాహెబును పిలిపించి, విద్యార్థులతోపాటు తల్లిదండ్రులనూ కూర్చోబెట్టండి. పోలీసు అధికారిని కూడా పిలవండి. ఆయన చెప్పేదీ వింటాము, అడగవలసినవీ అడుగుతాము. మరొక చిన్న విన్నపం. పరీక్షకు రాలేకపోయిన ఆ విద్యార్థి హాజరు మినహాయింపు దరఖాస్తు ఆఫీసులో మూడు నెలలుగా ఉన్నది. ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడో రుజువు తెమ్మంటున్నారు. అతనికి ఎవరూ కాగితం ఇవ్వలేదని ఇంతకుముందే వ్రాశాము.