ఆఫ్రికా సఫారీ చూసుకుని ఇండియా వెళ్దామనుకుంటున్నారా?

ఈ మధ్య మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో యూరప్ ఫొటోలు తగ్గి మసాయి మారా ఫొటోలు పెరిగాయి. ఎలాగూ ఇండియా వెళ్తున్నాం కదా, నాలుగు రోజులు నైరోబీలో దిగి సింహాల్ని చూసి పోదాం అన్నది చాలామంది ఆలోచన. మాదీ అదే. 2025 జూన్‌లో డల్లాస్ నుంచి నైరోబీ, అక్కడినుంచి హైదరాబాద్ అనుకున్నాం. అమ్మ హైదరాబాద్ నుంచి నైరోబీ వచ్చి మాతో కలవాలి. అమ్మకు అరవై తొమ్మిదేళ్ళు. టీవీలో ఏనుగులు కనిపిస్తే పొయ్యి మీద పాలు మరిచిపోయే మనిషి.

ప్యాకేజీ అమ్మిన ఏజెంటు హోటలు, జీపు, విమానం అన్నీ వివరంగా చెప్పాడు. ఎల్లో ఫీవర్ మాట మాత్రం ఎత్తలేదు. అమెరికా నుంచి నేరుగా వచ్చేవాళ్ళను కెన్యా ఆ టీకా సర్టిఫికెట్ అడగదు. అందుకే ఇక్కడి ట్రావెల్ సైట్లలో దాని గురించి పెద్దగా ఉండదు. కానీ కెన్యా నుంచి వచ్చి ఇండియాలో దిగేవాళ్ళను ఇండియా అడుగుతుంది. అమెరికన్ పాస్‌పోర్టు అయినా, ఓసీఐ కార్డు ఉన్నా మినహాయింపు లేదు. సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈ పట్టింపుకు కారణం ఉంది. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ఊరూరా ఉంది. డెంగీ తెచ్చేదీ ఆ దోమే.

టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. అన్ని క్లినిక్‌లలో వేయరు, అనుమతి ఉన్న చోటే వేస్తారు. మాకు మనిషికి రెండు వందల డాలర్లు దాటింది, ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు. అదైనా భరించొచ్చు. అమ్మ విషయంలోనే చిక్కొచ్చింది. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా. అరవై దాటినవాళ్ళలో అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు వస్తాయి. అమ్మ డాక్టరు వద్దన్నారు. టీకా లేకుండా నైరోబీ వచ్చి, తిరిగి శంషాబాద్‌లో దిగేటప్పుడు ఏమవుతుందో చూద్దాంలే అనే ధైర్యం నాకు లేకపోయింది. టికెట్లు కొన్నాక తెలిసిన సంగతి ఇది. అమ్మ టికెట్ రద్దు చేశాం. 'మీరు వెళ్ళి ఫొటోలు పంపండి' అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

డబ్బు సంగతికొస్తే, జులై-అక్టోబర్ మధ్య వైల్డ్‌బీస్ట్‌లు మారా నది దాటడం చూడాలని ప్రపంచమంతా అక్కడికే పోతుంది. మసాయి మారాను నడిపేది నరోక్ కౌంటీ ప్రభుత్వం. 2024 నుంచి విదేశీయులకు ప్రవేశ రుసుము జనవరి-జూన్‌లో రోజుకు 100 డాలర్లు, జులై-డిసెంబర్‌లో 200 డాలర్లు చేసింది. ఇద్దరు పెద్దవాళ్ళకు మూడు రోజులకు జూన్ 30న 600 అయ్యేది మర్నాటి నుంచి 1,200. టికెట్ కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది. క్యాంపులు కూడా అదే సమయంలో రేట్లు పెంచుతాయి. మన పిల్లలకు స్కూళ్ళు మే చివర్లోనో జూన్ మొదట్లోనో మూస్తారు కాబట్టి జూన్ మనకు దొరికిన అదృష్టం. నది దాటడం చూడలేం, నిజమే. కానీ 2025 జులైలో సెరెంగెటిలో పర్యాటకులు జీపులు దిగి నది ఒడ్డున నిలబడి ఆ జంతువుల దారికే అడ్డుపడిన వీడియో చూశాక నాకు ఆ బాధ పోయింది. మేము రిజర్వు పక్కనే ఉన్న కన్సర్వెన్సీలో రెండు రాత్రులు ఉన్నాం. అది మసాయి కుటుంబాల సొంత భూమి. క్యాంపులు దాన్ని కౌలుకు తీసుకుని వాళ్ళకు అద్దె కడతాయి. జీపుల సంఖ్య మీద పరిమితి ఉంటుంది. ఖర్చు కాస్త ఎక్కువే, కానీ ఒక చిరుతను మా ఒక్క జీపే ముప్పావు గంట చూసింది.

జూన్ అన్నాను కదా, అందులోనూ తేదీ చూసుకోవాలి. 2024 జూన్ 25న కొత్త పన్నుల బిల్లు మీద కోపంతో కెన్యా యువత పార్లమెంటులోకి చొచ్చుకెళ్ళింది. ఏడాది తిరిగేసరికి 2025లో అదే రోజున, మళ్ళీ జులై 7న పెద్ద నిరసనలు జరిగాయి. జులై 7న నైరోబీలోకి వచ్చే రోడ్లు మూసేశారు. ఆ కోపం ప్రభుత్వం మీదే, పర్యాటకుల మీద కాదు. కానీ రోడ్డు మూస్తే విమానం తప్పేది మనకే. మేము 20వ తేదీకే బయటపడ్డాం. టాంజానియాలో 2025 అక్టోబర్ 29 ఎన్నికలప్పుడు దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు, దార్ ఎస్ సలామ్‌లో కర్ఫ్యూ పెట్టారు. కెన్యాలో సాధారణ ఎన్నికలు 2027 ఆగస్టు 10న. ఆ వేసవికి ప్లాన్ చేసేవాళ్ళు ఇప్పుడే రాసిపెట్టుకోండి.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఒక మాట. స్టాంపింగ్ గడువు అయిపోయినా కెనడా, మెక్సికో నుంచి ముప్పై రోజుల్లోపు తిరిగి రావచ్చన్న వెసులుబాటు కెన్యాకు వర్తించదు. నైరోబీలోనే స్టాంపింగ్ వేయించుకుందామన్న పాత ఉపాయం కూడా ఇక నమ్ముకోవద్దు. సొంత దేశంలోనో, ఉంటున్న దేశంలోనో అప్లై చేయాలని 2025 సెప్టెంబర్‌లో అమెరికా చెప్పేసింది. కెన్యాకు ఈటీఏ ఆన్‌లైన్‌లోనే, సుమారు 30 డాలర్లు. పక్కనే ఉన్న టాంజానియాకు మళ్ళీ వేరే వీసా, అమెరికన్ పాస్‌పోర్టుకు 100 డాలర్లు.

మలేరియా మాత్రలు మరవొద్దు. 'మనం ఇండియాలో పుట్టినవాళ్ళం, మనకేం కాదు' అని నేనూ అన్నాను. దేశం వదిలి ఏళ్ళు గడిస్తే ఆ నిరోధకత నిలవదని, ఇక్కడ పుట్టిన పిల్లలకు అసలే ఉండదని డాక్టరు నవ్వుతూ చెప్పారు. మారాకు వెళ్ళే చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. మన ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు నైరోబీ హోటల్లో వదిలి వెళ్ళాలి. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు కెన్యాలో 2017 నుంచే నిషేధం, కాబట్టి కందిపొడి స్టీలు డబ్బాలో పెట్టండి. తిండికి కంగారు లేదు. రైలు మార్గం వేయడానికి వెళ్ళిన భారతీయుల కాలం నుంచి చపాతీ, చాయ్ అక్కడ ఇంటి వంటలే అయిపోయాయి. శాకాహారమని ముందే చెబితే క్యాంపుల్లో పప్పు కూడా వండారు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలు దక్షిణాఫ్రికా వైపు చూడటం మేలని ఇప్పుడు నా అభిప్రాయం. అక్కడ ఎల్లో ఫీవర్ లేదు. జొహానెస్‌బర్గ్ నుంచి రెండు మూడు గంటల దూరంలో ఉన్న పిలనెస్‌బర్గ్‌లో మలేరియా కూడా లేదు. సింహం, ఏనుగు, ఖడ్గమృగం అన్నీ ఉన్నాయి, రోడ్లు బాగుంటాయి, సొంతంగా కారు నడుపుకోవచ్చు. ఇండియన్ పాస్‌పోర్టుకు వీసా మాత్రం ముందే తీసుకోవాలి. ఇథియోపియా కూడా ఎల్లో ఫీవర్ ఉన్న దేశమే కాబట్టి అమ్మకు గల్ఫ్ మీదుగా టికెట్ చూస్తున్నాను. ఏజెంటుకు ఈసారి మొదటి ప్రశ్న నేనే వేశాను. అమ్మ మాత్రం అక్కడ పెరుగు దొరుకుతుందో లేదో కనుక్కోమంటోంది.